మీసంలోంచి జలపాతం

నా ఆకుపచ్చ గుడ్డ దిండు గలీబులుగా మారిపోయిందని నాకు ఆదివారం పొద్దున తెలిసింది.

"మూలన పడుందిగా, కొత్త గుడ్డ చివికిపోతుందని కుట్టేశాను," అంది అమ్మ. తప్పు చేసిన ఛాయ ముఖంలో ఏ కోశానా లేదు. పైగా, "నీ మంచానికే ఎక్కువ వేశాను," అని చేసిన మేలు కూడా చెప్పింది.

నేను ఇంట్లోనే కూర్చుని వీడియోలు ఎడిట్ చేస్తాను. ఆ గుడ్డ నా పనిముట్టు. దాని ముందు మనిషిని కూర్చోబెట్టి వీడియో తీస్తే, తర్వాత కంప్యూటర్లో ఆకుపచ్చ రంగొక్కటే మాయం చెయ్యొచ్చు. గుడ్డ పోతుంది, మనిషి మిగులుతాడు. ఆ క్లిప్‌ను సముద్రం క్లిప్ మీద పెడితే అతను సముద్రం ఒడ్డున ఉన్నట్టే. గడప దాటని వాళ్లను చాలామందిని నేనిలా ఊళ్లు తిప్పాను. నేను మాత్రం ఎక్కడికీ వెళ్లను. వెళ్లినా, మాట్లాడుతున్న మనిషిని వదిలేసి అతని వెనకున్న గోడను చూస్తుంటాను, ఇది తీసేస్తే ఎలా ఉంటుందా అని.

ఆ రోజు గుడ్డ కావలసింది మా బాబాయికి.

బాబాయి స్కూలు బస్సు నడుపుతాడు. పిన్ని పోయాక మా ఇంటికొచ్చి, నా గదిలోనే రెండో మంచం వేసుకున్నాడు. ఇన్నేళ్లకు ఒక సంబంధం కుదిరేలా ఉంది. ఆవిడ పక్క ఊళ్లో లైబ్రేరియన్. ఫోన్లో కొన్నాళ్లుగా మాట్లాడుకుంటున్నారు గానీ ఒకరినొకరు చూసుకోలేదు. "నేను ఫొటోలను నమ్మనండీ. ఆదివారం సాయంత్రం లోపు చిన్న వీడియో పంపండి. చూశాక ఏ సంగతీ చెబుతాను," అందిట. ఆవిడకు కొండలూ జలపాతాలూ ఇష్టమట. బాబాయి వెంటనే, "నాకూ ప్రాణమేనండీ, సెలవొస్తే కొండల మీదే ఉంటాను," అనేశాడు. మా మేడ మెట్లెక్కితేనే మధ్యలో ఆగి, ఎదురింటి వాళ్ల పూలకుండీలను మెచ్చుకునే నెపంతో ఊపిరి తీసుకునే మనిషి.

"జలపాతం ముందు నిలబెట్టరా నన్ను," అన్నాడు. "పుణ్యముంటుంది. ఈ వయసులో నన్ను మళ్లీ ఇంకొకరు అడుగుతారా?"

చివరి ముక్క నవ్వుతూనే అన్నాడు. కానీ నవ్వు ముగిశాక కూడా నా వైపే చూస్తూ ఉండిపోయాడు.

అప్పటికే తయారై ఉన్నాడు. తెల్ల చొక్కా, దువ్విన తల, ముందురోజు స్వయంగా రంగేసుకున్న జుట్టూ మీసమూ. ఆ నలుపు మామూలు నలుపు కాదు. కాకి చూస్తే కుళ్లుకునే నలుపు. కుడి చెవి పైన కూడా కాస్త అంటుకుంది. చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఎదుటివాడి ముఖం మీద ఏదో అంటుకుందని చెప్పాలంటే అంతకుముందే ఒక చనువుండాలి. ఒకే గదిలో పడుకున్నంత మాత్రాన అది మాకు వచ్చినట్టు లేదు.

ఆకుపచ్చ లేదు కాబట్టి అటకమీద నుంచి పాత నల్ల కర్టెన్ దించి గోడకు కట్టాను. నలుపును మాయం చేసే పద్ధతి కూడా ఉంది. చీకటిగా ఉన్నదంతా పోతుంది, వెలుగున్నది నిలుస్తుంది. తెల్ల చొక్కా, చామనఛాయ ముఖం, ఇంకేం కావాలి అనుకున్నాను. అంతటి నలుపు నా కళ్లెదురుగా కూర్చునుండగా ఆ మాట ఎలా అనుకున్నానో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

"నమస్కారమండీ," అని మొదలుపెట్టాడు బాబాయి. అని, ఎడమకు చూశాడు. "నేను మీకు తెలుసు." కుడికి చూశాడు.

"బాబాయ్, అటూ ఇటూ చూడకు."

"చూడట్లేదే?"

"చూస్తున్నావు. అద్దాలు చూసుకుంటున్నట్టు."

"ఏళ్ల తరబడి బస్సు నడిపిన మెడరా ఇది. మాట్లాడేటప్పుడు వెనక ఎవరొస్తున్నారో చూసుకోకపోతే దానికి తోచదు."

అలాగే తీశాను. కంప్యూటర్లో కింద జలపాతం క్లిప్ పెట్టి, దాని మీద బాబాయి క్లిప్ పెట్టాను. నలుపు తీసెయ్యమని చెప్పి, ఎంత తియ్యాలో చెప్పే స్లైడర్ కొంచెం జరిపాను. కర్టెన్ పలచబడింది గానీ పోలేదు. మసిబట్టిన మంచులా వేలాడుతోంది. ఇంకాస్త జరిపాను. కర్టెన్ పూర్తిగా పోయింది. దాంతోపాటు బాబాయి జుట్టూ పోయింది, మీసమూ పోయింది.

పోవడమంటే గుండు కాదు. మీసం ఉండాల్సిన చోట, మీసం ఆకారంలోనే, నీళ్లు దూకుతున్నాయి. నుదుటి పైన కొండరాళ్లు. కనుపాపల్లో నురగ. చెవికి రంగంటిన చోట చిన్న చిల్లు, ఆ చిల్లులోంచి ఒక పిట్ట ఎగిరి తలలోకి వెళ్లింది. "ఓపికెక్కువండీ నాకు," అంటున్నాడు బాబాయి, నోటి మీదుగా జలపాతం జారుతుండగా.

గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిన అమ్మ అక్కడే ఆగిపోయింది. గ్లాసు బల్ల మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

"ఏం మరిదీ, పెళ్లికూతురికి నీళ్ల కరువు లేకుండా చూస్తున్నావే!"

"వదినా, నువ్వూరుకో. ఒరేయ్, మీసం పెట్టరా ముందు."

"మీసం పెడితే కర్టెన్ వస్తుంది. కర్టెన్ తీస్తే మీసం పోతుంది. రెండూ ఒకటే నలుపు."

"ఒకటే ఎలా అవుతాయిరా? అది కర్టెన్, ఇది నేను!"

 నిజానికి దీనికి మందు లేకపోలేదు. తల చుట్టూ గీత గీసి, అంతవరకు ముట్టుకోవద్దని చెప్పొచ్చు. కానీ తల కదలకుండా ఉండాలి. బాబాయి మెడ మాటమాటకూ కుడి అద్దం, ఎడమ అద్దం చూస్తోంది. గీత ఒకచోట, తల ఒకచోట. వీడియోలోని ఒక్కో బొమ్మకూ విడిగా గీయాలంటే సాయంత్రం కాదు కదా, ఆవిడకు రిటైర్మెంటు వచ్చేస్తుంది.

స్లైడర్ ముందుకూ వెనక్కూ జరుపుతూ కూర్చున్నాను. నా చెయ్యి కావలసినదానికన్నా నెమ్మదిగా కదులుతోందని కాసేపటికి గమనించాను. బాబాయికి పెళ్లయితే గది నాదవుతుంది. ఎన్నాళ్లనుంచో కోరుకుంటున్నదే. గురక ఉండదు, పళ్లు తోముతూ పాడే పాట ఉండదు. మరి ఈ చేతికేమైంది? ఆకుపచ్చ గుడ్డ కనబడనప్పుడు కూడా నేను నిజంగా కోప్పడలేదు. మనసు చేసే పనులకు మనం కేవలం సాక్షులం, అది కూడా ఆలస్యంగా వచ్చిన సాక్షులం.

"ఆపు, ఆపు," అన్నాడు బాబాయి హఠాత్తుగా. "అక్కడ ఆపు."

తెర మీద తల ఒక పక్కకు తిరిగి ఉంది. రంగున్న జుట్టంతా పోయి, రంగు అందని కుదుళ్లు మాత్రం మిగిలాయి. చెంపల దగ్గర, నుదుటి అంచున, సన్నటి తెల్లటి గీతలు. నీళ్ల మీద ఎవరో సుద్దతో గీసినట్టున్నాయి. బాబాయి కుర్చీ దగ్గరికి లాక్కుని చూశాడు.

"మా నాన్నరా," అన్నాడు మెల్లగా. "అచ్చం మా నాన్నే."

అమ్మ కూడా వంగి చూసింది. "అవును, మావయ్యగారే," అంది. ఆ తర్వాత ఆపుకోలేక, "ఆయన మాత్రం ఇలా తడిసేవారు కాదు," అంది.

సరిగ్గా అప్పుడే బాబాయి ఫోన్ మోగింది. లైబ్రేరియన్ గారు. వీడియో కాల్.

"సాయంత్రం అందిగా!" అన్నాడు బాబాయి, ఫోన్‌ను వేడి గిన్నెలా పట్టుకుని. "ఇప్పుడేం చెయ్యను?"

"ఎత్తు," అన్నాం నేనూ అమ్మా ఒకేసారి.

బాబాయి పరుగున వెళ్లి నల్ల కర్టెన్ ముందు కూర్చున్నాడు. కాల్లో కర్టెన్ కర్టెన్‌లాగే కనిపిస్తుందని ఆ తొందరలో ఆయనకు తట్టలేదు, నాకూ తట్టలేదు.

"నమస్కారమండీ," అన్నాడు, ఎడమకు చూసి.

"నమస్కారం. లైబ్రరీ పని తొందరగా అయిపోయింది, సాయంత్రం దాకా ఆగడమెందుకని చేశాను."  తర్వాత ఆ గొంతు తగ్గింది. "అయ్యో, వెనక ఆ నల్ల గుడ్డేంటండీ? ఇంట్లో ఎవరైనా..."

"ఛఛ, అందరూ ఉన్నారండీ! గుండ్రాళ్లలా ఉన్నారు!"

అమ్మ ఇక ఆలోచించలేదు. ఒక్క గుంజు గుంజింది. కర్టెన్ బాబాయి భుజాల మీదుగా జారి కిందపడింది. వెనక మా గది బయటపడింది: దండెం మీద ఆకుపచ్చ గలీబులు, నా విరిగిన కుర్చీ, ఇస్త్రీకి కుప్పపోసిన బట్టలు, కుప్ప మీద బాబాయి యూనిఫాం. ఆయన కళ్లు మూసుకున్నాడు. వెనకున్నదాన్ని తీసెయ్యడానికి నేనక్కడ ఉండి కూడా ఏమీ చెయ్యలేకపోయాను.

"కొండలేవండీ మరి?" అంది ఆవిడ.

బాబాయి కళ్లు తెరిచాడు. ఈసారి అద్దాలు చూసుకోలేదు. మెడ కదలకుండా, తిన్నగా ఫోన్లోకి చూశాడు.

"కొండలు లేవండీ. మా మేడ మెట్లకే ఆయాసమొస్తుంది. జుట్టు కూడా..." అని ఆగాడు.

"జుట్టు సంగతి తెలుసు. కుడి చెవి మీద కనిపిస్తోందిగా."

బాబాయి చెయ్యి చెవి మీదికి వెళ్లింది. తుడుచుకుని, నల్లబడిన వేలు చూసుకుని, నా వైపు చూశాడు. ఆ చూపులో ముందే చెప్పి చావలేవా అన్న మాట స్పష్టంగా ఉంది. ఇకమీదట చెబుతాను.

ఫోన్లో ఏదో సర్దుకున్న చప్పుడైంది. ఆవిడ గొంతు, ఎవరైనా వింటారేమోనన్నట్టు, తగ్గింది.

"అది ఏ రంగండీ? అంత నలుపు వచ్చింది! నాది వేసిన వారానికే ఎర్రబడిపోతోంది."

బాబాయి ముఖం మీద జరిగినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పెట్టలేదు. "ఉండండి, డబ్బా చూపిస్తాను," అంటూ ఫోన్ పట్టుకుని లేచాడు. గలీబుల కింద నుంచి వంగి, ఇస్త్రీ బట్టలు దాటి, మా ఇల్లంతా ఆవిడకు చూపించుకుంటూ స్నానాలగది వైపు నడిచాడు. "వచ్చే ఆదివారం లైబ్రరీకి రండి," అన్న మాట వినిపించింది. "మెట్లున్నాయి. మెల్లగా ఎక్కుదురుగాని."

కంప్యూటర్లో బాబాయి ఇంకా అలాగే ఉన్నాడు, తాతయ్య తలతో, చెవికి చిల్లుతో. సేవ్ చెయ్యాలా అని అడుగుతోంది. ఎవరికీ పంపడానికి కాదు, అయినా చెయ్యమన్నాను.

అమ్మ దండెం మీంచి ఒక గలీబు తీసి దులిపింది. "కుట్లు విప్పి మళ్లీ గుడ్డ చేసిమ్మంటావా?"

"వద్దులే," అన్నాను. "రెండు బాబాయి దిండ్లకు వెయ్యి. వెళ్లేలోపు వాడుకుంటాడు."