నడుమ నిలబడేదెవరు

వాన పడితే ఒగితా గొడుగులు అమ్ముతాడు. పడకపోతే ఫొటోలు తీస్తాడు. మా ఒసాకాలో వానలకేం కొదవ లేదు గానీ, మా బజారులో జనం అతని గొడుగుల గురించి కంటే ఫొటోల గురించే ఎక్కువ చెప్పుకుంటారు. మెచ్చుకుంటూ మాత్రం కాదు.

అతనిది సిగరెట్ పెట్టె అంత కెమెరా. ఎప్పుడు చూసినా ఏప్రన్ జేబులోనే ఉంటుంది. రంగుల రీళ్లు కిళ్లీకొట్టు లాంటి చోట కూడా దొరుకుతున్నా ఈ మహానుభావుడు మాత్రం నలుపు-తెలుపు రీలు కోసం రెండు రైళ్లు మారి వెళ్తాడు. తీసే పద్ధతి ఇంకా విడ్డూరం. కెమెరా కంటికి ఆనించడు, నడుస్తూ నడుస్తూ బొడ్డు దగ్గర నుంచే నొక్కేస్తాడు. వచ్చేవి సగం ముఖాలు, వంకర స్తంభాలు, వాటి మీద ఇసుక చల్లినట్టు మచ్చలు. ఒకసారి చేపల కొట్టావిడ తన ఫొటో చేత్తో పట్టుకుని, "ఇందులో నేనేది, చేపేది?" అని నిలదీసింది. ఒగితా చాలాసేపు చూసి గానీ చెప్పలేకపోయాడు.

అలాంటివాణ్ణి ఇబుకి స్నానశాల అక్కచెల్లెళ్లు పిలిపించి తమ ముగ్గురికీ ఫొటో తియ్యమన్నారంటే, దానికి కారణం ఉంది.

ఆ స్నానశాలని ముగ్గురే నడుపుతారు. పెద్దది తోయో, డెబ్భై తొమ్మిదేళ్లు. ఆడవైపూ మగవైపూ రెండూ కనబడే ఎత్తు గల్లాపీట మీద కూర్చుని, ఒక కన్ను అటూ ఒక కన్ను ఇటూ వేసి ఉంచుతుంది. నడిపిది కిను, డెబ్భై ఆరు. వెనక బాయిలరులో కట్టెలు ఎగదొయ్యడం ఆమె పని. చిన్నది సుయే, డెబ్భై ఒకటి. నేల తోముతుంది, చల్లటి పాలసీసాలు అమ్ముతుంది. మొగుళ్లు వచ్చారు, కాలం చేశారు, అక్కచెల్లెళ్లు మాత్రం ఆ కప్పు కింద నుంచి కదల్లేదు. ఇప్పుడు బాయిలరుకి బీట పడింది, ఇంక ఎన్నాళ్లో లాగదు. ఈ వయసులో కొత్తది ఎవరు పెట్టిస్తారు? శనివారంతో స్నానశాల మూసేస్తున్నారు. తోయో కగోషిమాలో కూతురి దగ్గరికి పోతుంది. మోకాళ్ల నొప్పులతో కిను ఆసుపత్రి పక్కన ఒంటిగదిలో చేరుతుంది. సుయే మందుల షాపు మేడ మీదికి మారుతుంది. పోయే ముందు ముగ్గురూ కలిసి ఉన్న ఫొటో ఒకటి కావాలి, మనిషికో కాపీ.

చిత్రమేమిటంటే, ఇన్నేళ్లలో అలాంటిది ఒక్కటీ లేదు. ఇద్దరిద్దరు ఉన్నవి ఉన్నాయి, అమ్మతో కలిపి నలుగురు ఉన్నవి ఉన్నాయి. ముగ్గురివి మాత్రం వాళ్లమ్మ తియ్యనివ్వలేదు. ముగ్గురు కలిసి ఫొటో దిగితే నడుమ ఉన్నవాళ్లు ముందు పోతారు. ఇది మా వైపు పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతే. వాళ్ల మేనమామ ఎవరి పెళ్లిలోనో ఇద్దరు స్నేహితుల మధ్య నిలబడి ఏడాది తిరక్కుండా పోయాడట.

"ఆయన పొద్దున్నే సాకే పట్టేవాడు కదా, పెద్దక్కా?" అన్నాడు ఒగితా ఆ కథ విని.

"తాగుడు తాగుడే, నడుమ నిలబడటం నడుమ నిలబడటమే," అంది తోయో. "స్టూడియోవాణ్ణి పిలిస్తే వాడు చక్కగా మూడు కుర్చీలు వేస్తాడు. మూడు కుర్చీలంటే నడుమ ఒకటి ఉంటుంది. నీకు చక్కగా తియ్యడం రాదు. అందుకే నిన్ను పిలిచాను."

నలభై ఏళ్ల ఫొటోగ్రఫీలో ఒగితాకి దక్కిన మొదటి పొగడ్త అది. దాన్నే భద్రంగా లోపల దాచుకున్నాడు.

"రంగుల్లో తియ్యి మరి," అంది సుయే. "నలుపు-తెలుపులో ఉండేవి పోయినవాళ్ల ఫొటోలు."

"రంగు నాకు చేతకాదు, చిన్నక్కా."

"చేతనైంది ఏదన్నా ఉందా?" అంది బాయిలరు వైపు నుంచి కిను.

శనివారం మధ్యాహ్నం రెండింటికి వెళ్లాడు. పైన కిటికీల్లోంచి ఎండ పలకల్లా దిగుతోంది. నడుమ గుండ్రటి తొట్టిలో నీళ్లు అప్పుడే వేడెక్కి ఆవిరి లేస్తోంది. పసుపు చెంబులు గోడవారగా గోపురంలా పేర్చి ఉన్నాయి. కెమెరా పుచ్చుకున్నవాణ్ణి అలాంటి చోట ఒంటరిగా వదలడం పొరపాటు. ముగ్గురూ ముస్తాబై, ఉతికిన తెల్ల ఏప్రన్లు కట్టుకుని వచ్చేసరికి ఒగితా చెంబుల నీడలు, చెంబుల నీడల నీడలు, కుళాయిల వరస, తన సొంత కాళ్లు అన్నీ తీసేసుకున్నాడు. ముప్పై ఆరింట్లో ఇంక ఏడే మిగిలాయి. ఇంకో రీలు కొట్లో సొరుగులో ఉంది. పరుగెత్తి తెచ్చుకుందామంటే మూడింటికి తలుపు తియ్యాలి, ఆఖరి స్నానానికి బయట అప్పటికే జనం వరస కట్టారు.

"లోపల వెలుతురు తక్కువ," అన్నాడు గొంతు సవరించుకుని. "ఫ్లాష్ వేస్తే ఆవిరి గోడలా అడ్డం వస్తుంది. నేను నొక్కాక కెమెరా అరసెకను దాకా చూస్తూనే ఉంటుంది. అంతసేపూ కదలకూడదు. పెద్దక్కా, నువ్వు కాస్త గడ్డం కిందికి దించు."

"నలభై ఏళ్లుగా నిన్ను నూలుపోగు లేకుండా చూస్తున్నాను, నాకే పోజు నేర్పుతున్నావా?" అంటూనే తోయో గడ్డం దించింది.

ముగ్గురూ తొట్టి ముందు వరసగా నిలబడ్డారు. నడుమ కిను. ఒగితా నొక్కాడు. నొక్కే వేళకి కిను పక్కకి తప్పుకుంది.

"పుట్టుకతోనే నడుమదాన్నయ్యాను, అది చాలదా?" అంది.

సుయేని నడుమకి తోశారు. "నేను చిన్నదాన్ని, నా ముందు బోలెడు బతుకుంది," అని ఆవిడ వంగి చెప్పు సర్దుకుంది, కాళ్లకి చెప్పులే లేకపోయినా. రెండోదీ పోయింది. తోయోని నిలబెడితే, "కగోషిమాకి టికెట్టు కొనేశారు, మధ్యలో ఎక్కడికీ పోను," అని మెడ పక్కకి తిప్పేసింది. మూడోదీ అంతే సంగతులు.

ఒగితా బాయిలరు గదిలోంచి, అదృష్టానికి పెట్టుకునే ఎర్ర దారుమా బొమ్మని తెచ్చి తొట్టి గట్టు మీద కూర్చోబెట్టాడు. "ఇదిగో, నాలుగో మనిషి. ఇప్పుడు నడుమ అనేదే లేదు."

తోయో బొమ్మని ఎగాదిగా చూసింది. "కాళ్లూ చేతులూ లేనివాడు మనిషి లెక్కలోకి ఎలా వస్తాడు? మీ అమ్మ నీకు లెక్కలు నేర్పలేదా?"

ఆ మాటలు అంటుండగానే నాలుగోది పోయింది. తనే నాలుగోవాడిగా నిలబడతానని కెమెరాని చెంబుల మీద పెట్టబోయాడు. కిను ఒప్పుకోలేదు. "అప్పుడది మా ఫొటో ఎలా అవుతుంది? గొడుగులవాడూ, వాడి ముగ్గురు ముసలమ్మలూ అవుతుంది." ఆ తోపులాటలో చెయ్యి తగిలి ఐదోది కప్పు వైపు పేలింది.

ఒగితాకి ఓపిక నశించింది. "ఇదంతా వట్టి నమ్మకం, అక్కా! ఏ కాలంలో ఉన్నాం మనం?"

"అలాగా? అయితే ఇలా రా," అంది తోయో చల్లగా. "మా ఇద్దరి నడుమ నిలబడు. సుయే నొక్కుతుంది."

ఒగితా ఒక అడుగు వేశాడు. రెండోది వెయ్యలేదు. ఎండ కోణం మారిపోతోందని ఏదో గొణిగాడు. ముగ్గురూ పగలబడి నవ్వారు. అతను గోడ వైపు తిరిగి, సిగ్గు దాచుకోవడానికి ఒక కుళాయిని ఫొటో తీశాడు. తీశాక గానీ తెలియలేదు, మిగిలింది ఒక్కటే అని.

"ఇంక ఒకటే ఉంది," అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. బయట వరసలో ఎవరో దగ్గారు. గోడ గడియారం మూడుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

తోయో ఏప్రన్ సర్దుకుంది. వచ్చి నడుమ నిలబడింది.

"తియ్యి."

"అక్కా!" అన్నారు చెల్లెళ్లిద్దరూ.

"ఏం? ఎనభైలో పడబోతున్నాను. పోవాలంటే ముందు పోవాల్సింది నేను. వరస తప్పి మీరు పోతే ఊరుకునేది లేదు. మిమ్మల్నిద్దర్నీ సాగనంపి వెనక ఒక్కదాన్నీ కూర్చోడం నావల్ల కాదు."

"నీవల్ల కాకపోతే మావల్ల అవుతుందా?" కిను ఆమె చెయ్యి పట్టి లాగింది. "జరుగు. నా మోకాళ్లు ఎలాగూ పోయాయి, మిగతాది పోతే పోయింది."

"మీ ఇద్దరికీ బుద్ధి లేదు!" సుయే తల వంచుకుని ఇద్దరి మధ్యా దూరింది. తోయో దాన్ని వెనక్కి నెట్టింది. కిను తోయోని నెట్టింది. నేల తడిగా ఉంది. పెద్దదాని కాలు జారింది, మిగతా ఇద్దరూ పట్టుకున్నారు, పట్టుకున్నవాళ్లూ జారారు. పడలేదు గానీ ఒకరి నడుం ఒకరు వాటేసుకుని, ఎవరు పైనో ఎవరు కిందో తెలియకుండా, కిందటి జన్మలో ఎప్పుడో నవ్వాల్సిన నవ్వంతా అప్పుడే నవ్వుతూ గిరగిరా తిరిగారు.

ఒగితా కెమెరా ఎత్తి కంటికి ఆనించాడు. చూశాడు. నొక్కాడు.

అరసెకను గడిచింది. కెమెరా లోపల గర్రుమని రీలు వెనక్కి చుట్టుకోవడం మొదలెట్టింది.

"ఏమిటా చప్పుడు?" అంది తోయో ఆయాసపడుతూ.

"అయిపోయింది, పెద్దక్కా."

"అయిపోవడమేమిటి? మేం కొట్టుకుంటుంటే తీశావా? దరిద్రుడా!"

ఆవిడ చెంబు అందుకుంది. ఇంతలో సుయే తలుపు తీసింది, పేట పేటంతా లోపలికి వచ్చేసింది. ఒగితా ఆ గుంపులో కలిసిపోయి తప్పించుకున్నాడు.

మర్నాడు అతను కొట్టు వెనక చీకటి గది చేసుకుని ప్రింటు తీశాడు. గొడుగు ఊచలకి తగిలించి ఆరబెట్టి, వెలుతురులోకి తెచ్చి చూశాడు. తెల్ల ఏప్రన్లు మూడూ కలిసి ఒకే గుడ్డలా సుడి తిరుగుతున్నాయి. ఆరు చేతులు, ఏది ఎవరిదో తెలియదు. ఇరుపక్కలవాళ్లూ చెదిరిపోయారు. కానీ నడుమ ఉన్నది ఇద్దరి పట్టులో ఇరుక్కుని ఆ అరసెకనూ కదల్లేకపోయింది. ఆమె ముఖం ఒక్కటే స్పష్టంగా, కళ్లు మూసుకుని, నోరారా నవ్వుతూ ఉంది.

భార్య నొబుయే వెనక నుంచి తొంగిచూసింది. "ఇది నువ్వు తీసిందేనా?" అంది, పెళ్లయిన తర్వాత ఎప్పుడూ అననంత మెత్తగా. "ఈసారి నీది గోడకెక్కుతుంది, చూడు."

గోడంటే ఫొటో క్లబ్బువాళ్లు ఏటా పెట్టే ప్రదర్శన. పదకొండేళ్లుగా ఒగితా ఫొటోలు పట్టుకెళ్లడం, క్లబ్బు పెద్ద వాటిని తిరగేసి "ఇందులో మనిషేడీ?" అనడం. ఇదిగో, మనిషి. పట్టుకెళ్తే క్లబ్బు పెద్దకి ఇంక మాట ఉండదు. కానీ ఆ ప్రదర్శన మా బజారంతా చూస్తుంది. ఇవాళ బజారు చూసింది రేపటికి కగోషిమాలో తెలుస్తుంది. తను నడుమ ఉన్నానని ఆ మనిషికీ, ఆమెని నడుమ వదిలేశామని మిగతా ఇద్దరికీ, మూడు వేరు వేరు గదుల్లో, పక్కన తిట్టడానికి కూడా ఎవరూ లేకుండా.

"వట్టి నమ్మకం" అని తనే అన్నాడు కదా. అన్నాడు. రెండో అడుగు వెయ్యలేదు కూడా.

ఒగితా ఆ ప్రింటుని నాలుగు ముక్కలు చేశాడు. గుండె కలుక్కుమంది, ఆ సంగతి దాచడం దేనికి? తర్వాత అట్టడుగున ఉన్న గట్టి రకం కాగితం తీశాడు. అది నలుపుని మసిలా చేస్తుంది, తెలుపుని సున్నంలా చేస్తుంది. ఆ పిచ్చి కాగితం వల్లే అతని ఫొటోల్లో మనుషులు మనుషుల్లా ఉండరని క్లబ్బులో అందరూ అనేవారు. దాని మీద మళ్లీ అచ్చు వేశాడు. నడుమ ముఖం ఆవిరిలో కలిసి తెల్లగా కరిగిపోయింది. నవ్వు ఉంది, నవ్వుతున్నది ఎవరో లేదు. మూడు కాపీలు తీసి, ఫిల్ములో ఆ ఒక్క ముక్కనీ కత్తిరించి కుంపట్లో పడేశాడు.

"ఎవరు నడుమ?" అని అడిగింది నొబుయే ఆ రాత్రి భోజనాల దగ్గర. ఆవిడ సరిగ్గా చూడనేలేదట. ఒగితా నోటి నిండా అన్నం కుక్కుకున్నాడు.

మంగళవారం పొద్దున తోయో రైలెక్కే ముందు ముగ్గురూ గొడుగుల కొట్టుకి వచ్చారు. తుంపర పడుతోంది. తోయో భూతద్దం పెట్టి ఫొటో అంతా గాలించింది.

"ఆరు చేతుల గోనెసంచి," అని తేల్చింది. "ఇందులో ముఖాలేవిరా?"

"నాకు నా ముఖం అక్కర్లేదు, రోజూ చూస్తున్నాను," అంది కిను. "కానీ చూడక్కా, నువ్వు ఇంతలా నవ్వడం నేనెరగను."

"అది నేనని నీకెలా తెలుసు?"

సుయే ఫొటోని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, తలకిందులు చేసి చూసింది.

తోయో ఒగితా వైపు తిరిగింది. "నువ్వు చూశావు. చెప్పు, నడుమ ఎవరు?"

"కళ్లు మూసుకుని నొక్కాను, పెద్దక్కా."

గల్లాపీట మీద అన్నేళ్లు కూర్చున్న మనిషికి అబద్ధం ఇట్టే తెలుస్తుంది. తోయో భూతద్దం మడిచి సంచిలో వేసుకుంది.

"మంచి పని చేశావు," అంది. "కలం ఉంటే ఇలా ఇయ్యి. వెనక తారీఖు వేసుకుంటాను."

ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు బల్ల మీద వంగి, పక్కవాళ్లకి కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరి కాపీ వెనక వాళ్లు రాసుకున్నారు. ఒగితా వాన తగలకుండా వాటిని ప్లాస్టిక్ కవర్లలో పెడతానని తీసుకున్నాడు. చదవకూడదనే అనుకున్నాడు గానీ కళ్లకి అడ్డేముంది? తారీఖు ఎవరూ వెయ్యలేదు. మొదటిదాని వెనక "నడుమ ఉన్నది నేను, తోయో" అని ఉంది. రెండోదాని వెనక "నడుమ ఉన్నది నేను, కిను" అని ఉంది. సుయే అందరికంటే పెద్ద అక్షరాలతో రాసింది.

ఒగితా ముక్కు చీదుకుని, తారుమారు కాకుండా మళ్లీ ఒకసారి సరిచూసుకుని, ఎవరి కవరు వాళ్ల చేతికే ఇచ్చాడు.