నారమ్మ చేతి రొట్టె

జహీరాబాద్‌లో భవాని చదివేది సోషల్ వర్క్. పుస్తకాలన్నీ ఎక్కడో చలిదేశాల వాళ్లు రాసినవి. వాటిని మన నేలకు తగ్గట్టు మార్చామని కాలేజీవాళ్లు ఒకటే గొప్పలు. మార్చింది ఏముంది, నా మొహం! ఫారాలు తెలుగులో అచ్చువేయించారు, అంతే. "సేవ పొందేవారి ఇంట ఏమీ తినరాదు" అన్న రూలు కూడా చక్కటి తెలుగులో అచ్చయింది.

ఫీల్డ్‌వర్క్‌కి ఆమెకు న్యాల్‌కల్ దగ్గరి పల్లెలో నారమ్మను అప్పగించారు. నారమ్మ భర్త మూడు నెలల కింద ఇంట్లోనే ప్రాణం తీసుకున్నాడు. చెడ్డచావు జరిగిన ఇల్లని ఊళ్లో ఒక్కరూ అక్కడ మంచినీళ్లయినా ముట్టడం లేదు, ఆమెను కూలికి పిలవడం లేదు. నారమ్మను మళ్లీ నలుగురిలో కలపడమే భవాని పని.

నాలుగు వారాలు తిరిగాక నారమ్మ నోరు విప్పింది. ఐదో వారం మార్కులు వేయడానికి కాలేజీ నుంచి మదన్‌మోహన్ సారు కూడా వచ్చి గడపలో నిలబడ్డాడు. నారమ్మ వేడి జొన్నరొట్టె మీద పుంటికూర, అదే గోంగూర, పెట్టి భవానికి అందించింది. పక్కింటి బసమ్మ గోడ మీంచి చూస్తోంది.

"తిను బిడ్డా. మీది మొగుడంపల్లే గద, మన దిక్కు పిల్లవే. నువ్వు తింటే రేపు బసమ్మ తింటది. బసమ్మ తింటే ఊరు తింటది."

భవానికి తెలియదా? వాళ్ల ఊళ్లోనూ అంతే, ఒక్కరు తింటే చాలు. తెలిసి కూడా సారు వైపు చూసింది. అక్కడే చెడింది. సారు పెన్ను కాగితం మీద ఆగి ఉంది.

నాలుగు వారాలు "అత్తా" అని పిలిచిన నోటితోనే, "వద్దండి నారమ్మగారూ, మేము తినకూడదు" అంది.

నారమ్మ రొట్టెను వెనక్కి తీసుకుంది.

"నువ్వు గూడ గింతేనా బిడ్డా?"

కుండ మూతి మూయొచ్చు గాని లోకుల మూతి మూయగలమా? "సదువుకున్న పిల్లనే ముట్టలే, మనమెట్ల ముడ్తం?" అని బసమ్మ పొద్దుగూకేలోపు ఊరంతా చాటింది. మరుసటి వారానికి నారమ్మ ఇంటికి తాళం. ఎటు పోయిందో చెప్పేవాళ్లు లేరు, అడిగేవాళ్లూ లేరు.

భవానికి ఇరవైకి ఇరవై మార్కులు. "హద్దులు చక్కగా పాటించింది" అని రాశాడు సారు. తగలెయ్యాలి ఆ చదువును!

నెల తిరక్కుండానే కాలేజీలో సదస్సు పెట్టారు, మన సంస్కృతికి తగిన సోషల్ వర్క్ గురించి. నారమ్మ సంగతి భవానితోనే చెప్పించారు. తాళం మాట తప్ప అన్నీ చెప్పింది. చప్పట్లు కొట్టారు. భోజనాల దగ్గర సారే ఆమె పళ్లెంలో జొన్నరొట్టె వేశాడు.

"తినమ్మా, మన లోకల్ ఫుడ్!"

సారు చూస్తున్నాడు కదా, భవాని తిన్నది.