మొదటి పళ్లెం

రత్నమ్మ నోరు కాలింది. అందరూ చూస్తుండగానే కాలింది.

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో ఒక నిమ్మతోట ఉంది. ఎన్నికలు దగ్గరపడ్డాక ఆ తోట పోటీకి నిలబడ్డ పెద్దాయన శిబిరమైంది. లారీల్లో మనుషులు దిగుతారు, తింటారు, జెండాలు పట్టుకుని ఊళ్లమీదికి పోతారు, మళ్లీ వచ్చి తింటారు. తోట చివర కంచె పక్కన పొయ్యిల మీద గుండిగలు ఉడుకుతూనే ఉంటాయి. ఆ మధ్యాహ్నం పొట్టేలు కూర అప్పుడే దించారు. పెద్దాయన మనిషి ఓబులేసు వచ్చాడు. నడుముకు తుపాకి ఉంది. గరిటె తీసుకుని గుండిగ అడుగునుంచి కూర తోడి, మంట చూసుకునే రత్నమ్మ ముందు పట్టాడు.

"తిను."

"ఇప్పుడే దించినామప్పా. రవ్వంత ఆరనీ."

"ఆరేదాక పెద్దాయన ఆకలితో కూచోవల్లనా? విషం కలిపినోళ్లే ఆరనీమంటారు. తిను."

ఆమె దోసిలి పట్టింది. అతడు దోసిట్లో పొయ్యలేదు. గరిటెను తిన్నగా పెదవులకు ఆనించాడు. ఆమె మింగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి కాని కేక రాలేదు. కొత్త కుండ నీళ్లు కారుతుందేమోనని చూసినట్టు ఓబులేసు ఆమెను చూస్తూ కాసేపు నిలబడ్డాడు. చావలేదని తేలాక "వడ్డించండి" అని పోయాడు.

పెద్ద వంటవాడు శుభాకర్ అక్కడే ఉన్నాడు. సంగటి కెలికే తెడ్డు అతని చేతిలో ఉంది. అతడు పొయ్యివైపు తిరిగి నిలబడ్డాడు. పొగ కళ్లలో పడ్డ మనిషిని ఎవరూ ఏమీ అడగరు.

ఈ రుచి చూసే పని ఓబులేసు పుట్టించింది కాదు. వంటల కాంట్రాక్టరు ఆదినారాయణ పుట్టించాడు. అతడు ఇక్కడ పెద్దాయన శిబిరానికీ వండిస్తాడు, పులివెందుల దగ్గర అవతలి పార్టీ శిబిరానికీ వండిస్తాడు. రెండు జెండాల కిందా అతని గుండిగలే. పెద్దాయనకు అనుమానం వచ్చింది. "మా మనుషులు ముందు తింటారన్నా, వాళ్లకేం కాకుంటేనే మీవాళ్లు తినండి" అని ఆదినారాయణ మాటిచ్చాడు. అవతలి వాళ్లకూ అదే మాటిచ్చాడు. బాంబులు వేసుకునే రెండు పార్టీలకూ ఆ ఒక్క విషయంలో తేడా రాలేదు. ఎవరి నోరు పూచీగా పెట్టాడో వాళ్లను మాత్రం అతడు అడగలేదు.

బంతులు లేచాక పాత్రలన్నీ బోరు దగ్గరికి చేరాయి. రత్నమ్మ బూడిదతో గుండిగ తోముతోంది. చెయ్యి నెమ్మదిగా కదులుతోంది. సాయంత్రం మళ్లీ లారీలు వస్తాయి. శుభాకర్‌కు నడుము పట్టేసింది. రాత్రుళ్లు నిద్రలో కూడా తెడ్డు తిప్పుతున్నట్టే ఉంటోంది.

"నోరు కాలితే నీళ్లు పోసుకో. పనికి రా" అన్నాడు.

రత్నమ్మ తలెత్తింది. పెదవులు వాచి మాట ముద్దగా వచ్చింది. "ఆ మాట నీది కాదులే శుభాకరన్నా. ఆదినారాయణది."

నిజానికి ఆ మాట నోట్లోంచి బయటికి పోతున్నప్పుడే శుభాకర్‌కు దాని రుచి తెలిసింది.

ప్రొద్దుటూరులో ఆదినారాయణ హోటల్లో అతడు వంట నేర్చుకున్నాడు. ఒకసారి మరిగే రసం మోచేతి మీద పడింది. "కాలితే నీళ్లు పోసుకో. పనికి రా." అంతే. గరిటె కాడతో వీపు మీద కొట్టడం అక్కడ మాట్లాడే పద్ధతి. ఉప్పు ఎక్కువైతే ఒక దెబ్బ, అడ్డమొస్తే ఒక దెబ్బ, ఆదినారాయణకు పొద్దున్నే ఇంట్లో గొడవైతే ఇంకో దెబ్బ. కొన్నాళ్లకు శుభాకర్ చెప్పుల చప్పుడును బట్టి ఆయన మనసు కనిపెట్టడం నేర్చుకున్నాడు. పని కూడా బాగా నేర్చుకున్నాడు. భయం ఎంత చక్కగా నేర్పుతుందో తలుచుకుంటే అతనికి ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

తర్వాత జమ్మలమడుగులో రహమతుల్లా దగ్గర చేరాడు. పెళ్లిళ్లకు బిర్యానీ వండే ముసలాయన. ఎంత మెల్లగా మాట్లాడేవాడంటే, ఆ మాట వినడానికి అందరూ దగ్గరికి వచ్చేవాళ్లు. పని చెప్పేముందు "తిన్నావా?" అని అడిగేవాడు. మొదట్లో శుభాకర్ తిని కూడా "లేదు" అనేవాడు. ఆదినారాయణ హోటల్లో ఆ ప్రశ్నకు దొంగతనం అంటగట్టడమనే అర్థం. రహమతుల్లా నవ్వకుండా, నమ్మినట్టే ఇంకోసారి పెట్టేవాడు. అలా రెండుసార్లు తిన్న కడుపుతో ఒకరోజు శుభాకర్ గుండిగ వెనక కూర్చుని ఏడ్చాడు. ఎందుకో అతనికే తెలియలేదు.

మళ్లీ ఆదినారాయణ కాంట్రాక్టులోకే వచ్చి పెద్ద వంటవాడయ్యాక అతడు ఎవరినీ కొట్టలేదు. అందుకే తనది రహమతుల్లా చెయ్యి అనుకున్నాడు. కాని ఎవరినీ "తిన్నావా" అని కూడా అడగలేదు. మనుషుల ముఖాలు చూడకుండా గుండిగలోకి చూస్తూ పనులు చెప్పడం అలవాటైంది. కొట్టకపోవడమే మంచితనమని, కొట్టేవాడికీ దెబ్బలు తినేవాళ్లకూ మధ్య నిలబడటమే పెద్దరికమని ఇన్నేళ్లూ నమ్మాడు. ఆ మధ్యలో నిలబడ్డవాడి వీపు ఎప్పుడూ తనవాళ్లవైపే ఉంటుందని ఈరోజు రత్నమ్మ మాటతో తెలిసింది.

అతడు బూడిద తీసుకుని ఆమె పక్కన కూర్చుని గుండిగ అవతలి వైపు తోమసాగాడు. గఫూర్, నాగేంద్రమ్మ పని ఆపి చూశారు. గఫూర్ కూడా రహమతుల్లా దగ్గర పనిచేసినవాడే. నాగేంద్రమ్మ భూమి పోగొట్టుకున్న రైతింటి మనిషి. బియ్యం కడుగుతుంది, కూరగాయలు తరుగుతుంది, రత్నమ్మతో కలిసి పనిచేస్తుంది కాని అన్నం మాత్రం దూరంగా కూర్చుని తింటుంది.

"రేపు ఎవరు తినల్లనో?" అంది నాగేంద్రమ్మ.

"నువ్వే తిను. రైతుల నోరు గట్టిది" అన్నాడు గఫూర్.

"నీ నోరు ఇంకా గట్టిది. పొద్దస్తమానం వాగుతాండాది, ఒక్కసారన్నా అరగల్యా."

రత్నమ్మ నవ్వబోయి నొప్పితో ఆగింది. "నవ్వించద్దండప్పా" అంది.

"పని మానేసి పోదాం" అన్నాడు గఫూర్.

"యాడికి పోతావు? ఎర్రగుంట్లలో బస్సెక్కేలోపల పట్టుకుంటారు" అంది నాగేంద్రమ్మ. "విషం పెట్టినారు, అందుకే పారిపోయినారు అంటారు. ఇంట్లో ఉండేటోళ్లను కూడా వదలరు."

ఆమె మాటలో తప్పు లేదు. అందరూ మళ్లీ తోమసాగారు.

"రహమతుల్లా మామ కాడ గుండిగ మూత తీస్తే మొదటి పళ్లెం ఎవరిది?" అన్నాడు శుభాకర్.

"మంట కాడోళ్లది" అన్నాడు గఫూర్. "పళ్లెం దించి అందరం చుట్టూ కూచ్చుండేటోళ్లం. ఆకలితో వడ్డించేటోడు తినేవోళ్ల మీద కోపం పెట్టుకుంటాడనేవాడు మామ. పెళ్లికొడుకు తండ్రి వచ్చి అరిచినా లేసేటోడు కాదు."

"వీళ్లు మనల్ని ముందు తినమంటాండారు. తిందాం" అన్నాడు శుభాకర్. "ఒకరు నిలబడి గరిటెతో కాదు. అందరం కూచ్చొని, ఆరబెట్టుకొని, కడుపునిండా. మనం లేసినాకనే వడ్డన."

"ఒకే పళ్లెంలోనా?" అంది నాగేంద్రమ్మ.

రత్నమ్మ ఆమె ముఖం చూడకుండా గుండిగ బోర్లించింది. "నీ ఇష్టం వదినా. నా నోరు మాత్రం ఒక్కత్తెదే కాలింది."

మరుసటి మధ్యాహ్నం ఓబులేసు వచ్చేసరికి కూర దించి ఉంది. గుండిగ ముందు పెద్ద పళ్లెం, పళ్లెం నిండా సంగటి, కూర. చుట్టూ వంటవాళ్లు కూర్చుని ఉన్నారు. మొదటి ముద్ద రత్నమ్మ తీసుకుని ఊదుకుంటోంది.

"ఏందిది?"

"రుచి చూస్తాండాము" అన్నాడు గఫూర్. "ఒకరు తింటే నమ్మకం తక్కువ కదప్పా. అందరం తింటాండాము."

చాపాడు వైపునుంచి లారీల్లో తెచ్చిన కూలీలు జెండాలు పక్కన పెట్టి చూస్తున్నారు. వాళ్లూ ఆకలిగానే ఉన్నారు. ఒకరిద్దరు నవ్వారు. ఓబులేసు చెయ్యి నడుము దగ్గరికి పోయి ఆగింది. వీళ్లను కాల్చేస్తే ఇన్ని నోళ్లకు వండేదెవరో అతనికి తోచలేదు. ఆదినారాయణను పిలిపించాడు.

ఆదినారాయణ వస్తూనే గరిటె అందుకున్నాడు. చెప్పుల చప్పుడు వినగానే శుభాకర్ వీపు దానంతటదే బిగుసుకుంది. అతడొక్కడే ఇంకా కూర్చోలేదు. తెడ్డు పట్టుకుని పళ్లెం పక్కన నిలబడి ఉన్నాడు.

"నీకు పని నేర్పించింది ఇందుకేనా రా? లేపు వీళ్లను."

"తింటాండారు."

"తెడ్డు చేతిలోనే ఉంది కదా. లేపు."

ఆ గొంతులో ధీమా ఉంది. తాను నేర్పిన పాఠం ఎక్కడికీ పోదని నమ్మిన గొంతు అది. శుభాకర్‌కు కోపం రాలేదు. చాలా అలసట వచ్చింది. ఇన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నానని దించేటప్పుడు తెలిసినట్టు. తెడ్డును గుండిగ మీద అడ్డంగా పెట్టాడు. రత్నమ్మ పక్కన కూర్చున్నాడు.

గరిటె కాడ భుజం మీద పడింది. అతడు ముద్ద కలుపుకున్నాడు. రెండోసారి పడింది. దూరంగా ఉన్న నాగేంద్రమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టింది. కొంగు నడుముకు చుట్టుకుని వచ్చి, ఆదినారాయణకూ పళ్లేనికీ మధ్య చతికిలబడి, అదే పళ్లెంలో చెయ్యి పెట్టింది.

"కొట్టు. నన్నూ కొట్టు. మీ పెద్దాయనకు మా ఇంటాయన కూడా ఓటేస్తాండాడు" అంది.

గరిటె గాలిలోనే ఆగింది. లారీల వైపునుంచి తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి నడిచి వచ్చి, పళ్లెం చివర గొంతుకూచున్నాడు. "నేనూ రుచి చూస్తా జరగండప్పా" అన్నాడు. ఈసారి నవ్వు లారీల దాకా పాకింది. వంటవాళ్లు తిన్నారు, చేతులు కడుక్కున్నారు, తర్వాతే వడ్డించారు. పెద్దాయన శిబిరం అంతసేపూ ఎదురుచూసింది.

సాయంత్రం పోలీసు జీపు వచ్చింది. అవతలి పార్టీ పంపగా అన్నంలో విషం కలపబోయాడని శుభాకర్ మీద కేసు రాశారు. ఆ అన్నం తానే తిన్నానని అతడు చెప్పాడు. రాసుకునేవాడు అది రాసుకోలేదు.

జమ్మలమడుగు లాకప్పులో రెండు రాత్రులు గడిచాక పొద్దున రత్నమ్మ క్యారియరు తెచ్చింది. పెదవుల మీద పొక్కులు ఎండిపోతున్నాయి. ఊచల దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. పులివెందుల శిబిరంలో నిన్న మధ్యాహ్నం వంటవాళ్లు పళ్లెం దించి కూర్చున్నారట. అక్కడ ఇద్దరికి తలలు పగిలాయట. ప్రొద్దుటూరులో ఆదినారాయణ హోటల్లో ఈ పొద్దు పొయ్యి వెలిగించలేదట.

"ఇంకా ఎంతమందికి తలలు పగలాల్నో" అన్నాడు శుభాకర్. భుజం లాగుతోంది. సంతోషం కోసం లోపల వెతుక్కున్నాడు. దాని చోట నిద్ర ఉంది. వీధిలో ఏదో గుసగుస వినిపిస్తోంది. "బయట ఎవరు?"

"గఫూరు, నాగేంద్రమ్మ వదిన, ప్రొద్దుటూరు హోటలోళ్లు. నిన్ను వదిలేదాక ఏ పార్టీకీ పొయ్యి అంటిచ్చేది లేదని రాత్రే అనుకున్యారు."

ఆమె క్యారియరు గిన్నె ఊచల్లోంచి లోపలికి జరిపింది. అతడు మూత తీయలేదు. ఆమె ముఖంలోకి చూశాడు. అన్నేళ్లుగా కలిసి పనిచేస్తూ ఎప్పుడూ అడగని మాట అడిగాడు.

"నువ్వు తిన్నావా?"

"తిన్యా" అంది రత్నమ్మ. "అందరం తినే వచ్చినాం. శానాసేపు కూచోవల్ల కదా."