గేజి మీద బొట్టు

యంత్రం కొన్నవాడికి యంత్రంతో పాటు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. నూనె ఎక్కడ పోయాలి, ఏ నట్టు బిగించాలి, ఏది ముట్టుకుంటే చెయ్యి పోతుంది, అన్నీ అందులో ఉంటాయి. ఆ పుస్తకాన్ని ఒక మనిషి కూర్చుని రాస్తాడని ఎవరికీ తోచదు. మా కంపెనీలో ఆ మనిషిని నేను. నా పేరు మత్తయ్య. పోలీసు చర్య అయిన కొత్తలో, ఉర్దూ పుస్తకాలను తెలుగులో పెట్టడానికి నన్ను వికారాబాద్ స్టేషన్ ఎదుటి కంపెనీ డిపోలోకి తీసుకున్నారు. అప్పటినుంచి నూనె ఇంజన్లు, నీటి పంపులు, పప్పు మిల్లులు, ఏది వచ్చినా దాని మాటా బొమ్మా నావే.

నీటి పంపు పుస్తకం రాయాలంటే కొడంగల్ పోయి బావి గట్టున రైతు పక్కన కూర్చునేవాణ్ణి. అతని చెయ్యి ముందు ఎటు పోతుందో చూసి, ఆ వరసలోనే బొమ్మలు గీసేవాణ్ణి. అక్షరం రానివాడికి కూడా తెలియాలి గదా. అంత కష్టపడి పంపితే సికింద్రాబాద్ హెడ్డాఫీసు వాళ్లు సగం కోసి పారేసేవాళ్లు. "ప్రమాదం" అన్న మాట కనబడితే చాలు, వాళ్లకు ఒళ్లు మండేది. కొనేవాడు జడుసుకుంటాడట. ఇంజన్ పక్కన లక్ష్మీదేవి బొమ్మకు మాత్రం ఎప్పుడూ చోటు దొరికేది. నా కోపం ఒక్కనాటిది కాదు.

తాండూరు బండల గనులకు గాలి యంత్రం తెచ్చినప్పుడు అది ముదిరింది. ఆ యంత్రం ఇనుప పీపాలోకి గాలిని బిగిస్తుంది. ఆ గాలి బలంతో రాతిని తొలుస్తారు. గాలి ఎంత బిగిసిందో చూపడానికి గడియారం లాంటి గేజి, అందులో ఒక ముల్లు. ముల్లు హద్దు దాటితే పీపా పగులుతుంది, కాబట్టి ఆ హద్దు దగ్గర గుర్తు ఉండాలి. హెడ్డాఫీసు పంపిన నమూనాలో, తెల్లటి గుండ్రటి గేజి మీద, ముల్లు పోకూడని చోట ఎర్రటి గుండ్రటి చుక్క పెట్టారు.

నేను దాన్ని పట్టుకుని డిపో మేనేజరు పాండురంగం దగ్గరికి పోయాను. ఆయన తాండూరు వ్యాపారుల ఇంటి మనిషి, నాకన్నా చిన్నవాడు, సరుకు అమ్మడంలో దిట్ట.

"ఇది బొట్టు లెక్కున్నది సారూ," అన్నాను. "ముల్లు బొట్టు కాడికి రావాలె అనుకుంటరు. చుక్క వద్దు. హద్దు దాటినంత మేర నల్లగ పూద్దాం."

"కొత్త మిషన్ మీద నలుపేంది మత్తయ్యా, అశుభం. ఎవడు కొంటడు? ఎరుపంటే డేంజరని లోకానికంత ఎరుకే. ఎర్ర జెండ జూసి రైలు ఆగుత లేదా?"

"నలుపు అశుభమని మీకు తెలిసినప్పుడు, ఎరుపు శుభమని వాళ్లకు తెల్వదా?"

"మీ ఇంట్ల బొట్టే లేదు, నువ్వు నాకు బొట్టు సంగతి చెప్తున్నవా," అని నవ్వాడు.

మా ఇంట్లో బొట్టు లేని మాట నిజమే. మా అమ్మ బాప్తిస్మం తీసుకున్న నాడు తీసేసింది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె చెయ్యి తెల్లారగానే నొసటి దాకా పోయి ఆగిపోయేది. బొట్టు ఎంత బలమైనదో నాకు చెప్పేటంతటివాడా ఈయన? నేను నవ్వలేదు. కనీసం పుస్తకంలోనైనా ఉండాలని "ముల్లు ఎర్ర చుక్కను తాకకూడదు" అని మొదటి పుటలోనే పెద్ద అక్షరాలతో రాసి, పగిలిన పీపా బొమ్మ గీసి పంపాను. అచ్చయి వచ్చిన పుస్తకంలో ఆ పుట లేదు. దాని చోట మా కంపెనీ యజమాని ఫొటో ఉంది.

1962 ఎండాకాలంలో తాండూరు దగ్గరి గనిలో ఆ పీపా పగిలింది. యంత్రం నడిపే ఎల్లప్పకు కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. పక్కనే రాయి తొలుస్తున్న మల్లప్ప అక్కడికక్కడే చచ్చిపోయాడు. ఇద్దరిదీ పెద్దేముల్ ఊరే, ఒక సద్ది విప్పుకుని తినేవాళ్లు. గాలి ఎక్కువైతే తనంతట తానే తెరుచుకునే మూత ఒకటి పీపాకు ఉంటుంది. ఎల్లప్ప దాన్ని తీగతో బిగించి కట్టాడని తేలింది. ఇంకేం కావాలి? తప్పంతా ఎల్లప్ప నెత్తిన పడింది. గని యజమాని అదే అన్నాడు, మా కంపెనీ అదే అంది. మల్లప్ప భార్య చంద్రవ్వ ఎల్లప్ప వాకిట్లో నిలబడి దుమ్మెత్తి పోసింది. విచారణకు వచ్చే సర్కారు ఇన్‌స్పెక్టరు తప్పు అతనిదే అని రాస్తే, ఉన్న ఒక్క చేత్తో జైలుకు పోవాలి.

పాండురంగం నన్ను పిలిచాడు. "నీది ఒక పుట ఉండె గద మత్తయ్యా, ముల్లు తాకొద్దన్నది. జల్ది అచ్చేయించి పుస్తకాలల్ల కుట్టిపియ్యి. ఇన్‌స్పెక్టరు అడిగితే చూపిస్తం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఇది అది కూడా కాదు. కాలినవి ఒకడి చేతులు, ఆకులు పట్టుకుంటున్నది ఇంకొకడు.

"మనిషి బతికుండంగ పనికిరాని పుట, సచ్చినంక పనికొచ్చిందా?" అన్నాను.

"నౌకరీ జూసుకో మత్తయ్యా."

"ఆ పుట మాత్రం నేను అచ్చెయ్య."

విచారణ గనిలోనే జరిగింది. పగిలినదాని స్థానంలో కంపెనీ అప్పటికే కొత్త యంత్రం పంపింది. దాని గేజి మీద కూడా అదే ఎర్ర చుక్క. సిగ్గు అనేది ఒకటి ఉండాలి గదా మనుషులకు. ఇన్‌స్పెక్టరు కుర్చీ వేసుకుని రాసుకుంటున్నాడు, కంపెనీ తరఫున పాండురంగమూ నేనూ ఒక పక్కన నిలబడ్డాం. ఎల్లప్ప తెగిన చేతిని తువ్వాలుతో కప్పుకుని నిలబడ్డాడు. బండల కుప్ప మీద చంద్రవ్వ కూర్చుని అతన్నే చూస్తోంది.

"మూతకు తీగ ఎందుకు కట్టినవ్?" అని ఇన్‌స్పెక్టరు ఎల్లప్పను అడిగాడు.

"ముల్లు బొట్టుకు రాకముందుకే అది బుస్సుమని గాలి ఇడుస్తుండె సారూ. ఖరాబైందనుకున్న. ముల్లు బొట్టు కాడికి రావాలె గద."

"అది బొట్టు కాదు, డేంజర్ గుర్తు. బొట్టని నీకు ఎవరు చెప్పిండ్రు?"

ఎల్లప్ప ఎడమచెయ్యి ఎత్తి పాండురంగాన్ని చూపించాడు. "గా సారే. మిషన్ దించిన నాడు కొబ్బరికాయ కొట్టి పీపాకు, చక్రానికి, అన్నిటికి కుంకుమ పెట్టిండు. గీ గడియారానికి పెట్టలే. గిదానికి పెట్టరా సారూ అని అడిగిన. దానికి కంపెనోళ్లే పెట్టి పంపిండ్రు అన్నడు."

ఇన్‌స్పెక్టరు పాండురంగం వైపు తిరిగాడు.

"పరాచికానికి అన్న," అన్నాడు పాండురంగం.

ఇక నేను ఆగలేకపోయాను. నలుపు వద్దన్న సంగతి, నా పుట తీసేసి ఫొటో వేసిన సంగతి, దొంగ అచ్చు వెయ్యమన్న సంగతి అందరి ముందూ చెప్పేశాను. నా గొంతు గని అవతలి అంచు దాకా వినబడిందట. ఇన్నేళ్ల నౌకరీ ఆ బండల మధ్యే పోయింది. పోతే పోయింది. ఇన్‌స్పెక్టరు అంతదాకా రాసింది కొట్టేసి, తప్పు ఎల్లప్పది కాదనీ, ఆ గుర్తు పెట్టి దాని అర్థం చెప్పనివాళ్లదనీ రాసి, రాసింది పైకి చదివాడు.

చంద్రవ్వ కుప్ప మీంచి లేచింది. ఎల్లప్ప మీదికే పోతుందనుకుని ఇద్దరు అడ్డం వచ్చారు. ఆమె అతన్ని దాటుకుని పాండురంగం ముందుకు పోయి నిలబడింది.

"నా నొసట బొట్టు తుడిపిచ్చినవ్ సారూ," అంది. "గా మిషన్‌ది గూడ తుడువు."

పాండురంగం అటూ ఇటూ చూశాడు. జేబులోంచి రుమాలు తీసి, కొత్త యంత్రం దగ్గరికి పోయి గేజి మీద రుద్దడం మొదలుపెట్టాడు. రంగు అద్దం లోపల ఉంది, రుద్దితే పోదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా చంద్రవ్వ కదలకుండా నిలబడినంతసేపూ రుద్దుతూనే ఉన్నాడు.