ఏమీ దిగని చీర

తిరుపాల్ పొద్దున ఆరింటికల్లా గుంటలోకి కాళ్లు దించి మగ్గం ముందు కూర్చుంటాడు. భార్య ప్రేమలత వాకిట్లో కండెలు చుడుతుంది. మధ్యాహ్నం సంగటి తినడానికి లేస్తే, మళ్లీ దీపాలు పెట్టే వేళకే లేవడం.

ధర్మవరంలో వాళ్ల వీధి మగ్గాల దగ్గర ఏది వినబడితే అది చీరలోకి దిగుతుంది. ప్రేమలత కొడుకును కన్న వారం, ఆమె నొప్పుల కేకలు వింటూ నేసిన చీరకు అంచు పొడుగునా ఎర్రటి అలలు వచ్చాయి. హిందూపురం షాపులో అన్నిటికంటే ముందు అదే అమ్ముడుపోయింది. అందుకే ఆ వీధివాళ్లు పోట్లాడుకోవాలంటే కొళాయి దగ్గరికి పోతారు. అబద్ధం చెప్పాల్సి వస్తే ఊరు దాటి చెప్పి వస్తారు. ఇందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు.

2003లో ఒక ఆదివారం కొడుకు అభిషేక్ బెంగళూరు నుంచి ప్యాసింజర్ రైల్లో వచ్చాడు. పదకొండో ఏట హాస్టల్‌కు పంపిన పిల్లవాడు, ఇప్పుడు ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాడు. సంచిలోంచి ఒక క్యాసెట్ తీశాడు. అట్ట మీద నల్ల చొక్కాలు వేసుకున్న నలుగురు కుర్రాళ్లు నేల చూపులు చూస్తున్నారు. వాళ్లలో ఒకడు అభిషేక్.

"పన్నెండు పాటలు నాయనా. ఇంగ్లీషు రాక్. అన్నీ నేనే పాడినా. ఒక కంపెనీవాళ్లు విడుదల చేసినారు. ఊర్లు తిరిగి పాడమంటాండారు."

"మరి పరీక్షలు?"

"శుక్రవారం లోపల ఫారం కట్టల్ల. పాటలకు పోతే పరీక్షలు ఉండవు." క్యాసెట్ తండ్రి చేతిలో పెట్టాడు. "బాగుండాదని స్నేహితులు చెప్తాండారు. వాళ్ల మాట నమ్మలేను. నువ్వు నేసి చూడు. ఏం దిగితే అది చెప్పు. నువ్వు చెప్పినట్టే చేస్తా."

సాయంత్రం రైలుకే వెళ్లిపోయాడు.

తిరుపాల్ మగ్గం పక్కన టేప్ రికార్డర్ పెట్టి, ఆ రాత్రి నుంచే మొదలుపెట్టాడు. ప్రతి పాటా ఒకటే దారి. ముందు గిటారు మెల్లగా మోగుతుంది. గొంతులో గులకరాళ్లు పెట్టుకున్నట్టు ఎవరో గొణుగుతారు. నాలుగో వరుసకు అందరూ ఒక్కసారిగా విరుచుకుపడతారు. రెండో రోజుకల్లా ఆ అరుపు ఎక్కడ వస్తుందో తిరుపాల్ కాళ్లకు తెలిసిపోయింది. కాన్వెంట్లో పాఠాలు చెప్పే పక్కింటి నాగజ్యోతిని పిలిచి అర్థం అడిగాడు. ఆమె రెండు పాటలు విని, "నొప్పి, వాన, ఒంటరితనం మామా. ఇంకో పాటలో కూడా నొప్పి, వానే" అంది.

"వానికి అంత నొప్పి ఏముండాది?" అని ప్రేమలత కండె ఆపింది.

"వాని నొప్పి అయితే పర్వాలేదు" అన్నాడు తిరుపాల్.

రాత్రీ పగలూ కూర్చుని బుధవారానికి చీర దించాడు. అంచు తిన్నగా ఉంది. బుటాలన్నీ ఒకే కొలత. ఒక్క పోగు తప్పలేదు. అందులో ఏమీ దిగలేదు.

ఎదురింటి సంజీవప్ప వచ్చి కొంగు నలిపి చూశాడు. "ఏమప్పా, పవర్లూమ్ ఎప్పుడు పెట్టినావు? మాకు చెప్పనేలేదే." తిరుపాల్ ముఖం చూసి అతని నవ్వు ఆగిపోయింది.

తప్పు తన కాళ్లదేమోనని తిరుపాల్‌కు అనుమానం. మిగిలిన పడుగు మీద మళ్లీ రెండు మూరలు నేశాడు. అవీ అట్లాగే వచ్చాయి.

"బాగుండాదని చెప్పు" అంది ప్రేమలత. కొళాయి దాకా నడిపించుకెళ్లి మరీ చెప్పింది. "దూరంగా ఉండే పిల్లోడు. ఒంటరిగా ఈ మాట ఇంటే ఏమైతాడో."

"వాని బతుకును అబద్ధం మీద నిలబెట్టమంటావా?"

"నిజం చెప్పి కూలదోస్తావా?"

తిరుపాల్ ఆ సాయంత్రమే ఫోన్ బూత్‌కు పోయాడు. గురువారం బెంగళూరు దారిలో ఉన్న పెనుకొండ స్టేషన్‌కు రమ్మని కొడుక్కి ఫోన్ చేశాడు. చీర సంచిలో పెట్టుకుని రైలెక్కి, 'బాగుండాది' అనే మాటను దారంతా లోపల్లోపల అనుకుంటూ పోయాడు.

అభిషేక్ ముందే వచ్చి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కొండ నీడ ప్లాట్‌ఫారం మీద సగం దాకా వచ్చింది.

"ఎట్లుండాది నాయనా?"

"బాగుండాది."

కొడుకు కొంచెం నవ్వాడు. "ఆ మాట చెప్పేదానికి పెనుకొండ దాకా వచ్చినావా?"

తిరుపాల్ తల దించుకున్నాడు. అభిషేక్ తండ్రి సంచిలోంచి చీర తీసి, తిరగేసి, నేతగాళ్ల పిల్లలు చూసినట్టు బొటనవేలితో అంచు నుంచి అంచు దాకా తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"నేను దీంట్లో యాడా లేను" అన్నాడు.

"చిన్నప్పుడే నిన్ను దూరంగా వేసినాం. తప్పు మాది."

"మీరేం చేస్తారులే. హాస్టల్లో నేను మాట్లాడితే ఎగతాళి చేస్తాండిరి. అందరూ ఎట్ల మాట్లాడితే అట్ల మాట్లాడేది నేర్చుకున్నా. పాటలూ అట్లనే పాడినట్టుండా."

తిరుపాల్ ఇంకేదో చెప్పబోయాడు. బెంగళూరు రైలు వచ్చింది. అభిషేక్ చీర మడిచి తండ్రి చేతికిచ్చి ఎక్కాడు.

శుక్రవారం ఫారం కట్టాడు. పాస్ అయ్యాడు. తర్వాత ఎప్పుడూ పాడలేదని అతని స్నేహితులు చెప్పారు. మరుసటి ఏడాది ఒక కాల్ సెంటర్లో చేరాడు.

తిరుపాల్ ఇంటికి ఫోన్ పెట్టించాక, ఒక ఆదివారం అభిషేక్ ఫోన్ చేశాడు. జీతం పెంచారట.

"దేనికి నాయనా?" అన్నాడు తిరుపాల్.

"నా గొంతుకే. ఏ ఊరోనిదో, ఏ దేశపోనిదో ఎవురూ కనుక్కోలేకపోతాండారంట. అట్లాంటి గొంతు దొరకడం కష్టమని అంటాండారు."

తిరుపాల్ ఫోన్ ప్రేమలతకు ఇచ్చాడు.

"తిన్నావా?" అని అడిగింది ఆమె.

తిన్నానని జవాబు వచ్చింది. అది ఎవరన్నారో పోల్చుకోవడానికి ఆమెకు కాసేపు పట్టింది.