మూడు గాట్ల గెడ

నేను ఒక వెదురు గెడను. ఏటికి ఎగువన, ఒడిశా కొండల్లో పుట్టాను. మా పొద ఎంత ఎత్తంటే, మబ్బులు మాకు తగులుకుని చిరిగిపోతుంటే కింద జనం గొడుగులు వేసుకునేవారు. నన్ను నరికిన సవర తెగ మనిషికి మూడు కత్తులు అరిగిపోయాయి. సంతలో నన్ను చూసిన పడవ అసిరయ్య బేరమైనా ఆడకుండా భుజాన వేసుకున్నాడు. పన్నెండేళ్లు వంశధార మీద అతని పడవ నడిపాను. ఒకసారి నేను పొడిచిన పోటుకి ఏరు రెండు గంటలు వెనక్కి పారింది. నమ్మకపోతే మానెయ్యండి.

నా నడుం బీట వేశాక అసిరయ్య నాకు మూడు గాట్లు పెట్టి నీటి అంచున పాతాడు. వేసవిలో ఏటి మధ్య ఇసుక తిన్నె తేలుతుంది. అతని భార్య పోలమ్మ దాని మీద పుచ్చపాదులు వేస్తుంది. ఆమెకి ఒక కాలు కుంటి, ఈత రాదు. ఎగువ కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లొచ్చేస్తాయి. నా రెండో గాటు తడిస్తే చాలు, అసిరయ్య పడవేసుకెళ్లి ఆమెని తెచ్చేస్తాడు. మనుషులు ఇంత పని నాకు అప్పగించి, ఆ సంగతి పక్కవాళ్లకి మాత్రం చెప్పరు.

ఆ వేసవిలో విశాఖపట్నం నుంచి ఇందుమతి గారని బొమ్మలు వేసే ఆవిడ వచ్చి, ఒడ్డున తాటాకు పాకలో ఒంటరిగా దిగింది. పొద్దస్తమానం ఏటినే చూసేది, ఏటినే గీసేది. తిండి మరిచిపోతే పోలమ్మ అంబలి తెచ్చి పక్కన పెట్టేది.

"ఏటమ్మా, ఒక్కసారి గీసీసి ఎల్లిపోకుండా? రోజూ అదే ఏరు కదేటి."

"రోజూ అదే ఏరు కాదు పోలమ్మా" అని ఆవిడ నవ్వేది.

ఒకనాడు పొద్దున్నే పోలమ్మని తిన్నె మీద దింపి, అసిరయ్య కేకవేటు దూరంలో తుమ్మ నీడన వల బాగుచేసుకుంటున్నాడు. ఇందుమతి గారి బొమ్మలో నేను ఇమడలేదట. నన్ను పెరికి, గట్టు మీదికి నాలుగడుగులు జరిపి పాతింది. నేను అరిచాను. వెదురు అరుపు ఈలలాగే ఉంటుంది. ఆవిడకి అది బాగుందనిపించింది.

మధ్యాహ్నానికి నీళ్లు ఎర్రబడ్డాయి. పాత చోటనే ఉంటే ఈపాటికి నా రెండో గాటు కూడా మునిగేది. ఇక్కడ నా మొదటి గాటుకి చెమ్మ కూడా తగల్లేదు. తిన్నె అంచులు కరుగుతున్నాయి. పోలమ్మ అటు తిరిగి, వంగి కలుపు తీస్తోంది.

"అసిరయ్యా, ఏటి రంగు చూశావా, ఎంత బాగుందో" ఇందుమతి గారు సంబరంగా పిలిచింది.

అతను తలెత్తి నన్ను చూశాడు. "కొండల్లో చినుకు పడుంటాదమ్మా. బయం లేదు. గెడ ఇంకా తడవనేదు."

"ఆ గెడా? పొద్దున నేనే కాస్త పైకి జరిపాను."

అసిరయ్య ఇప్పుడు పడవ నడిపే కొత్త గెడని తుమ్మ కిందే వదిలేసి పరుగున వచ్చాడు, నన్ను పెరికి పడవలోకి దూకాడు. ఏం జరిగిందో అర్థమై ఇందుమతి గారు కూడా దూకింది.

"ఓలే పోలీ, కదలకు. అక్కడే నిలబడు."

పోలమ్మకి నీళ్లు నడుం దాటాయి. మేము సగం దూరం వెళ్లేసరికి పీక దాకా వచ్చాయి. నేను ఒక్కో పోటుకీ కిర్రుమంటున్నాను. చివరి పోటుకి బీట దగ్గర రెండుగా విరిగాను. పడవ పక్కకి తిరిగిపోతుంటే ఇందుమతి గారు బోర్లా పడుకుని నా పైముక్కని చాచింది. పోలమ్మ వేళ్లు ఒకసారి జారాయి. రెండోసారి పట్టాయి.

ఆమెని ఎక్కించుకున్న పడవ కొట్టుకుపోయి దిగువన ఒడ్డుకి తగిలింది. నా సగం ఏట్లో పోయింది. మిగతా సగం ఇప్పుడు బీరపాదుకి గుంజ. మర్నాడు ఆ పాదు కిందనుంచే చూశాను. అసిరయ్య కొత్త వెదురునీ కత్తినీ ఇందుమతి గారి ముందు పెట్టి పక్కకి వెళ్లాడు. ఆవిడ వెదురుకి కత్తి ఆనించి పోలమ్మని అడిగింది, "ఇక్కడేనా?"

"ఇంకా కిందకి కొయ్యమ్మా" అంది పోలమ్మ. "నా కాలు తడిసినప్పుడే మా మావకి తెలియాల. పీక తడిసినాక తెలిస్తే ఏటి లాబం?"