దయ్యం లేవలేదు

సర్వర్ గదిలో యూపీఎస్ బ్యాటరీలు మార్చడానికి ఆస్పత్రి వాళ్లు పొద్దున పది నుంచి పదిన్నర దాకా సమయం ఇచ్చారు. ఆ అరగంటలో ఆపరేషన్లేవీ పెట్టుకోలేదు. బ్యాటరీలు మార్చే ఎలక్ట్రీషియనూ, సర్వర్లు చూసుకునే ఆమె, ఇద్దరూ బావామరదళ్లు. అక్క మొగుడే కాబట్టి ఆమెకు మొహమాటం లేదు.

"బావా, పదిన్నరంటే పదిన్నరే. నీ టీలు ఇందులో కలపకు."

"ముందు నీ దయ్యం సంగతి చూసుకో అమ్మాయ్. నా కరెంటు చెప్పిన టైముకే వస్తుంది."

దయ్యమంటే ల్యాబ్‌లోని రక్తపరీక్షల ఫలితాలను వార్డులకూ ఆపరేషన్ థియేటర్‌కూ చేరవేసే ప్రోగ్రామ్. ఇలా కంటికి కనిపించకుండా వెనకాల నడిచేవాటిని కంప్యూటర్ వాళ్లు డీమన్ అంటారు. ఆస్పత్రి వాళ్ల నోట్లో పడి అది దయ్యమైంది.

కరెంటు పది ఇరవైకే వచ్చింది. సర్వర్ ఆన్ అయింది. తెర మీద వరసగా అన్నీ లేచాయి, ఒక్క దయ్యం తప్ప. ఆమె మళ్లీ నడిపించింది. లేచినట్టే లేచి పడిపోయింది. "అనుమతి లేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంది.

అప్పుడే థియేటర్ నుంచి ఫోను. లారీ గుద్దిన మనిషిని తీసుకొచ్చారు, కడుపులో రక్తస్రావం. "రిపోర్టు తెర మీదికి రావట్లేదండీ. సర్జన్‌గారు కత్తి పట్టుకుని నిలబడున్నారు," అంది నర్సు. రక్తం వివరాలు ఫోనులో చెప్పుకోవడం ఆ ఆస్పత్రిలో నిషేధం. తెర మీదికైనా రావాలి, సంతకం చేసిన కాగితమైనా రావాలి. ల్యాబ్ ఏమో నాలుగో అంతస్తులో, థియేటర్ కింద. లిఫ్టు ఇంకా కదల్లేదు.

అసిస్టెంట్ సూపరింటెండెంట్ పరుగులాంటి నడకతో గదిలోకి వచ్చాడు. "ఇదివరకు రూట్‌తో నడిచేదిగా అమ్మా? అలాగే నడిపెయ్. తర్వాత తీరిగ్గా చూసుకో."

రూట్ అంటే ఆ యంత్రంలో అన్ని తాళాలూ తెరవగల ఖాతా. ఏడాది కిందట దయ్యం ఆ ఖాతాతోనే నడిచేది. దాని లొసుగులోంచి బయటివాడెవడో దూరాడు. దూరినవాడి చేతికి మొత్తం యంత్రమే చిక్కింది. రెండు రోజులు ఆస్పత్రంతా కాగితాల మీద నడిచింది. అందుకే మూడు నెలల కిందట ఆమె దానికో మామూలు ఖాతా ఇచ్చింది. ఆ ఖాతాతో దాని ఫోల్డర్ తప్ప ఇంకేదీ ముట్టుకునే వీల్లేదు. యంత్రం ఆన్ అయినప్పుడు ఆ ఖాతాతో దయ్యాన్ని లేపే స్క్రిప్టు కూడా ఆమే రాసింది. కానీ ఆ తర్వాత యంత్రాన్ని ఆపింది ఇవాళే.

ఆమె వేళ్లు అప్పటికే రూట్ పాస్‌వర్డ్ సగం కొట్టేశాయి. ఆగింది.

"ఇప్పుడు రూట్‌తో నడిపితే, అది కొత్తగా రాసే ఫైళ్లన్నీ రూట్ పేరు మీదికి పోతాయి సార్. రేపు మామూలు ఖాతాతో అసలు లేవదు. మళ్లీ తలుపులు బార్లా తీసినట్టే. పది నిమిషాలివ్వండి."

"లోపల మనిషి ప్రాణం పోతుంటే పది నిమిషాలా?"

"కాగితం నేను తెస్తా," అన్నాడు బావ గుమ్మంలోంచి. "నాలుగంతస్తులేగా."

"బావా, నీకు మెట్లంటేనే ఆయాసం."

మాట పూర్తయ్యేలోపే అతను వెళ్లిపోయాడు. ఆ బరువుకి మెట్లు దడదడలాడాయి.

ఆమె తెర వైపు తిరిగింది. పంతానికి పోతున్నానా అనుకుంది. కింద మనిషికేమన్నా అయితే తన న్యాయం ఎవరికి కావాలి? ఏ అనుమతి లేదు? ఎక్కడ? ఒక్కో వరసా చదివింది. దయ్యం లేవగానే, యంత్రం తనకిచ్చిన నంబరు ఒక చిన్న ఫైలులో రాసుకోవాలి. ఆ ఫైలుండాల్సిన ఫోల్డరే లేదు.

అప్పుడు వెలిగింది. ఆ ఫోల్డరున్న చోటు యంత్రం ఆగిన ప్రతిసారీ తుడిచిపెట్టుకుపోతుంది. మూడు నెలల కిందట దాన్ని తన చేత్తో తనే చేసిపెట్టింది. స్క్రిప్టులో రాయడం మాత్రం మరిచిపోయింది. ఆ చోట కొత్త ఫోల్డర్ చేసుకునే అధికారం పాపం మామూలు ఖాతాకు లేదు.

స్క్రిప్టులో రెండు వరసలు రాసింది: లేపేముందు రూటే ఆ ఫోల్డర్ చేసి, మామూలు ఖాతాకు అప్పగించి, పక్కకు తప్పుకోవాలి. రెండుసార్లు చదువుకుని నడిపింది.

లేచింది. ఈసారి పడిపోలేదు.

థియేటర్‌కి ఫోను చేసింది. "వచ్చింది, తెర మీద కనిపిస్తోంది," అంది నర్సు. "కానీ కాగితం నాలుగు నిమిషాల ముందే వచ్చేసిందండీ. మొదలుపెట్టేశారు. తెచ్చినాయన ఇక్కడే నేల మీద కూలబడ్డాడు. మంచినీళ్లిచ్చాం."

ఆమె రిసీవర్ పెట్టేసి బావను చూడ్డానికి థియేటర్ వైపు నడిచింది.

మధ్యాహ్నానికి ఆపరేషన్ అయింది, మనిషి గండం గట్టెక్కాడు. ఆమె సూపరింటెండెంట్ గదికి వెళ్లి "తప్పు నాదే సార్. ఒక్కసారైనా యంత్రం ఆపి చూసుండాల్సింది," అని ఒప్పుకుంది. సర్వర్ మళ్లీ ఆపి చూడ్డానికి సాయంత్రం నాలుగుకు, థియేటర్ ఖాళీగా ఉన్నప్పుడు, మరో అరగంట అడిగింది. ఆయన సరేనన్నాడు.

నాలుగింటికి బావ సర్వర్ స్విచ్చు దించి, మళ్లీ ఎత్తాడు. ఆమె కీబోర్డుకు దూరంగా చేతులు కట్టుకుని నిలబడింది. ఒక్కో వరసా తెర మీదికి ఎక్కుతోంది. చివర్న దయ్యం తనంతట తానే లేచింది, మామూలు ఖాతాతో.

"అమ్మయ్య! ఇంకోసారి ఆపమంటావా ఏంటి?" అన్నాడు బావ నవ్వుతూ.

"ఆపు," అందామె.

అతను ఆమె మొహం చూసి నవ్వు మానేశాడు. స్విచ్చు దించాడు.